ఇంటి బట్టకి గుర్తుండదు

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. కరెంటు తీగ తగిలిస్తే వేడెక్కే తేలిక సరుకును కాదు, బొగ్గుల పెట్టెను. ఏడు కేజీల ఇత్తడిని. కడుపులో నిప్పులు పోసుకుని, మూత బిగించుకుని, ఊళ్ళో వాళ్ళ ముడతలన్నీ సాపు చేస్తూ నలభై ఏళ్ళు బతికాను. కాబట్టి కోపం గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. మనుషులకి కోపం వస్తే అరుస్తారు, కంచం తోసేస్తారు, గంట తిరిగేసరికి చల్లారిపోయి టీ అడుగుతారు. అదీ ఒక కోపమేనా! నేనైతే పైన బూడిద కప్పుకుని లోపల పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా రగలగలను. నాలాగే రగలగల మనిషిని నా బతుకులో ఒక్కర్తినే చూశాను. ఆమె పేరు సోమాలు. కట్టుకున్న మొగుడి మీద ఆమె పగ తీర్చుకున్న కథ ఇది. అందులో నా చెయ్యి కూడా ఉంది. నాకు చెయ్యెక్కడిదంటారా, పిడి ఉంది కదా, అదే అనుకోండి.

నేను పుట్టింది అజ్జరంలో. బిందెలూ గంగాళాలూ చేసే ఊరు. పగిలిన గంగాళం ఒకటి, కుంటి దీపపు కుందులు రెండు, నాలుక ఊడిన గంట ఒకటి కలిపి కరిగించి ఒక ముసలి కంచరి నన్ను పోత పోశాడు. గంట ముక్క కలవడం వల్లనో ఏమో, న్యాయం అన్యాయం అనే పిచ్చి ఒకటి నాకు పుట్టుకతోనే పట్టుకుంది. కానీ గంటకి నోరుంది, నాకు లేదు. ఆ లోటు నన్ను జీవితాంతం ఏడిపించింది.

నన్ను కొన్నది సోమాలు తల్లి అప్పయ్యమ్మ. తణుకులో నాలుగు వీధుల బట్టలు ఆవిడ చేతి మీదుగానే నడిచేవి. కొబ్బరిచిప్పల బొగ్గు తప్ప ఇంకోటి నా కడుపులో వేసేది కాదు. కూతురికి పెళ్ళై వెళ్ళేటప్పుడు నన్ను తోమి, తళతళలాడించి, దాని చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పింది. "కోపమొత్తే దీని కడుపులో పోసెయ్యి. నీ కడుపులో అట్టేపెట్టుకోకు." కూతురు ఆ మాట సగమే విన్నది. నా కడుపులోనూ పోసింది, తన కడుపులోనూ దాచుకుంది.

మొగుడు లోవరాజు, వరసకి సోమాలుకి మేనమామ. అందుకే "మావా" అని పిలిచేది. మనిషి చెడ్డవాడు కాడు. ఇలా అనడం నాకు సుతరామూ ఇష్టం లేదు, కానీ గంట ముక్క ఊరుకోదు కదా, నిజం చెప్పాలి. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. ఉన్న జబ్బల్లా నాలుక. దేన్నయినా నవ్వులాటగా తీసిపారేస్తాడు. నలుగురు నవ్వితే చాలు, ఎవరి గురించి నవ్వుతున్నారన్నది వాడికి పట్టదు.

పాతూరు వైపు ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మెట్ల పక్కన వాళ్ళ బండి. పొద్దున్నే లోవరాజు రేవు నుంచి మూటలు తెచ్చేవాడు, సోమాలు నన్ను రాజేసేది. గంజి పెట్టిన చీర వచ్చిందంటే చూడాలి వాళ్ళని. ఆ కొస ఆయన, ఈ కొస ఈమె పట్టుకుని ఎదురెదురుగా నిలబడి లాగేవారు. చీర సాపు కావాలంటే ఇద్దరూ ఒకే బలంతో లాగాలి. ఒకరు ఎక్కువ లాగితే రెండోవాళ్ళు ముందుకు పడతారు, ఒకరు వదిలేస్తే రెండోవాళ్ళు వెనక్కి పడతారు. పంతొమ్మిదేళ్ళు ఒక్కసారి కూడా ఎవరూ పడలేదు. లాగుతూ లాగుతూ, మడత వేసేటప్పుడు దగ్గరికొచ్చి, చీర కొసలు చేతులు మార్చుకునే చోట సోమాలు చిన్నగా ఏదో అనేది, ఆయన ఇకిలించేవాడు. ఏమనేదో నాకు తెలుసు, చెప్పను.

మా పనిలో గుర్తే అక్షరం. నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో కాలరు లోపల చిన్న గీతో చుక్కో పెట్టి, పైన కాస్త సున్నం అద్దితే నల్లగా పట్టేస్తుంది. ఇక బట్ట చిరిగేదాకా అది పోదు. మూడు చుక్కలు డాక్టరు గారివి, కొక్కెం లెక్కల మేస్టారివి, నిచ్చెన మూడో అంతస్తు ప్రభావతి గారివి. సోమాలుకి చదువు రాదు గానీ నూట ఇరవై ఇళ్ళ గుర్తులు చీకట్లో తడిమి చెప్పగలదు. ఇల్లు మారిపోయి మళ్ళీ రానివాళ్ళ బట్టలు మిగిలిపోతే వాటి మీద గుండుసున్నా పెట్టి ఒక సంచిలో పడేసేది. దిక్కు లేని బట్ట అని దానర్థం. సొంత ఇంటివాళ్ళ బట్టలకి మాత్రం ఏ గుర్తూ పెట్టరు. ఎందుకు పెడతారు? ఎవరిదో తెలియని బట్టకి కదా గుర్తు కావాలి!

ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. పంతొమ్మిదేళ్ళలో సోమాలు చేతి కింద ఒక్క బట్ట కాలలేదు. ఆస్తి లేదు, చదువు లేదు, ఒంటి మీద పుస్తెలు తప్ప బంగారం లేదు. "సోమాలు చేతి ఇస్త్రీ" అన్న ఆ రెండు మూడు మాటలే దానికున్న సంపద. తణుకులో ఎవరైనా ఆ మాట అంటే నేనూ నా ముక్కు కాస్త పైకెత్తేదాన్ని.

ఆ సంపదని లోవరాజు ఒక శ్రావణ మాసంలో, గురువారం నాడు, పట్టపగలు తగలేశాడు.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ప్రభావతి గారు ఆవపువ్వు రంగు పట్టుచీర, మెరూన్ అంచుది, ఇచ్చి వెళ్ళింది. పట్టు అంటే సోమాలు ఎంత జాగ్రత్త పడేదో! నన్ను సగం చల్లారనిచ్చి, తడిగుడ్డ మీద ఒకసారి పెట్టి, చుయ్‌మన్న చప్పుడు సన్నబడేదాకా ఆగి, చీర మీద పాత పంచె ముక్క పరిచి అప్పుడు రానిచ్చేది. ఆ రోజు బొగ్గులు అయిపోయాయని ఇంటికి వెళ్ళింది. ఆమె వచ్చేదాకా ఆగితే ఏం పోయింది? ఆగడు. అప్పటిదాకా జీన్సు ప్యాంట్ల మీద తిరిగి భగభగలాడుతున్న నన్ను పట్టుకొచ్చి, పంచె ముక్క లేదు, తడిగుడ్డ లేదు, పట్టుచీర మీద పెట్టాడు. పెట్టి, వాచ్‌మన్ సింహాచలం వైపు తిరిగాడు. పాత సినిమా హాలు కూల్చేస్తారా కూల్చరా అని వాళ్ళిద్దరికీ వాదన. నేను నా భాషలో అరిచాను. నా భాషంటే పొగ. అది వాడి ముక్కుకి తగిలేసరికి నా ఆకారం ఆ చీర మీద ముక్కుతో సహా దిగిపోయింది.

సోమాలు బొగ్గుల సంచితో రావడం, ప్రభావతి గారు మెట్లు దిగడం ఒకేసారి అయింది. డాక్టరు గారింటి వంటావిడ ఉంది, పాలవాడు ఉన్నాడు, పై అంతస్తు వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. లోవరాజు నన్ను ఎత్తి పక్కన పెట్టి, చేతులు నలుపుకుని, ఏమన్నాడో తెలుసా?

"మా ఆడది కాల్చేసిందండి. ఈ మధ్య దానికి చూపు ఆనట్లేదండి."

ఆ మాట విని నా కడుపులో నిప్పు కూడా ఒక్క క్షణం ఆరిపోయింది.

"చూపు ఆననప్పుడు పట్టుచీరలు ముట్టుకోవడం ఎందుకమ్మా?" అంది ప్రభావతి గారు, కళ్ళల్లో నీళ్ళతో. "మా అమ్మ పెట్టిన చీర. ఆవిడ పోయాక ఇదొక్కటే మిగిలింది."

సోమాలు లోవరాజు వైపు చూసింది. వాడు బొగ్గుల మీద ఊదుతున్నాడు, లోకంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు. పదిమందిలో మొగుణ్ణి అబద్ధాలకోరుని చేయడం దానికి చేత కాలేదు. భుజం మీద బొగ్గుల సంచి దించకుండానే తల వంచింది. "తప్పైపోయిందమ్మా," అంది.

సాయంత్రం ఇంటి అరుగు మీద అడిగింది. "ఎందుకన్నావు మావా ఆ మాట?"

"ఏదో నోటికొచ్చింది. అయినా ఆలోచించే అన్నానే. ఆడదానివి, నిన్నయితే ఒక మాట అని వదిలేత్తారు. నన్నయితే బండే తీయించేత్తారు."

"మరి ఆ ఒక్క మాట నేనెందుకు మొయ్యాలి?"

లోవరాజు పకపకా నవ్వాడు. "ఓసోసి! పొద్దస్తమానం ఏడు కేజీల పెట్టె మోత్తన్నావు, ఒక్క మాట మొయ్యలేవా?"

చూశారా, కాల్చినందుకు కాదు, అబద్ధమాడినందుకు కూడా కాదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకని సామెత. ఇక్కడ కొట్టిందీ వాడే, నవ్విందీ వాడే. ఆ రోజుతో "మావా" అన్న పిలుపు ఆ ఇంట్లో వినపడడం మానేసింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెబితే మీకే ఒళ్ళు మండుతుంది. డాక్టరు గారింటి వంటావిడ ఉచిత కంటి శిబిరం కాగితం తెచ్చిచ్చింది. లెక్కల మేస్టారు బండి దగ్గర నిలబడి, రెండు వేళ్ళు ఎత్తి, "ఇవి ఎన్ని సోమాలూ?" అని అడిగాడు, పాపం మంచికే. ఇక ఇస్త్రీకి ఇచ్చేవాళ్ళంతా మూట దించుతూ ఒకటే మాట. "ఖరీదైనవున్నాయి, నువ్వు కాదు, లోవరాజు చేత చేయించు." కాల్చినవాడి చేత చేయించాలట! నేను ఆ మాట వినీ వినీ అడుగున నల్లబడ్డాను.

నా పగ నేను మొదలుపెట్టాను. లోవరాజు పిడి పట్టుకుంటే చాలు, పక్క కన్నాల్లోంచి ఒక నిప్పురవ్వ వాడి లుంగీ మీదకి. వాడు ఊదితే బూడిదంతా వాడి కళ్ళల్లోకి. ఒకనాడు మూత గొళ్ళెం సరిగ్గా పడనివ్వకుండా జారి, వాడి బొటనవేలి మీద వాత పెట్టాను. పప్పు గింజంత మచ్చ అది. నా సంతకం. ఎన్నేళ్ళైనా పోదు.

ఇంట్లో మాటల్లేవు. అవసరం వస్తే నా ముఖంగానే నడిచేవి.

"పెట్టే, ఆ మనిషికి సెప్పు, అన్నం వడ్డించేశాను," అనేది సోమాలు, నా మూతకేసి చూస్తూ.

"పెట్టే, ఆవిడికి సెప్పు, పప్పులో ఉప్పు లేదు," అనేవాడు లోవరాజు, నా పిడికేసి చూస్తూ.

"పెట్టే, నాలుక్కి సూపు ఆనట్లేదేమో అడుగు."

ఏడు కేజీల దాన్ని, ఈ కబుర్లు మోసి తొమ్మిది కేజీలయ్యాను. ఇదంతా వాడికింకా అలకలాగే ఉండేది. రెండు రోజుల్లో అదే దిగొస్తుందిలే అని సింహాచలంతో అనేవాడు. రెండు రోజులు రెండు నెలలయ్యాయి. అన్నిటికంటే నాకు గుచ్చుకున్నది గంజి చీరలు. ఎదురుగా మనిషి ఉండగానే సోమాలు చీర కొస తీసుకెళ్ళి బండి గుంజకి కట్టి, రెండో కొస తనొక్కతే లాగేది. గుంజ వదలదు, ముందుకి పడదు, నిజమే. కానీ గుంజతో ఏం మాట్లాడుతుంది?

దసరా దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం లోవరాజు రేవుకి వెళ్ళాక సోమాలు నల్లజీడి గింజ తీసింది. పండక్కి వాడు వేసుకోబోయే తెల్లచొక్కా తీసింది. కాలరు తిరగేసి, సూది రసంలో ముంచి, ఊపిరి బిగబట్టి గుండ్రంగా తిప్పింది. గుండుసున్నా! పైన సున్నం అద్ది, నాతో ఇస్త్రీ చేసి, మడత పెట్టి, బయటివాళ్ళ మూటల్లాగే దారం కట్టి గూట్లో పెట్టింది. ఒక్కటి కాదు, వాడి నాలుగు చొక్కాలకీ పెట్టింది.

"ఈ మనిషిని దిక్కు లేని బట్టల్లో కలిపేశాను, పెట్టే," అంది నాతో. ఏడవలేదు. నేను ఆ కాలరు మీద ఇంకాస్త గట్టిగానే కూర్చున్నాను, గుర్తు బాగా పట్టాలని.

నల్లజీడి రసంలో ఇంకో సుగుణం కూడా ఉంది. ఒంటికి పడనివాళ్ళకి దురద పుట్టిస్తుంది. లోవరాజుకి పడదు. అందుకే పెళ్ళైన దగ్గర్నుంచి గుర్తులన్నీ సోమాలే పెట్టేది. ఇది అనుకోకుండా జరిగిందని మీరు అనుకుంటే మీ ఇష్టం.

మా పేటలో ఇస్త్రీ పనివాళ్ళందరూ దసరాకి సంఘం పాకలో పెట్టెలన్నీ వరసగా పెట్టి పూజ చేస్తారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక్కో పెట్టెలో నాలుగు నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లుతారు. ఆ ఒక్కరోజు మేం బట్టలకి కాదు, దేవుడికి పొగ వేస్తాం. సంఘం పెద్ద పేరయ్య తాత పెట్టిన ఆనవాయితీ ఇంకోటి ఉంది. ఆలూమగలిద్దరూ వచ్చి తమ పెట్టె మీద చెయ్యి పెట్టి, "ఏడాది పొడుగునా పరాయి బట్ట ఒంటి మీద వేసుకోలేదు" అని ప్రమాణం చెయ్యాలి. ఊరు మావాళ్ళని ఆడిపోసుకునే మాట అదొక్కటే కాబట్టి, దాని జోలికి పోకూడదని ఆయన పట్టుదల. తప్పినవాడి పెట్టె ఏడాది పాటు వరసలోంచి తీసేస్తారు. తీసేస్తే ఆ ఇంటివాళ్ళని ఎవరూ పనికి పిలవరు, పెళ్ళికి పిలవరు.

మా వంతు వచ్చింది. లోవరాజు, సోమాలు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. లోవరాజు ఒక చెయ్యి నా పిడి మీద పెట్టాడు, రెండో చేత్తో మెడ వెనక బరబరా గోక్కుంటున్నాడు. ఆ పొద్దున్న చొక్కా వేసుకున్న దగ్గర్నుంచి అదే పని.

"ఏట్రా ఆ గోకుడు, దేవుడి ముందు?" అని పేరయ్య తాత వాడి కాలరు వెనక్కి లాగి చూశాడు. చూసి, లాగిన చెయ్యి తియ్యలేదు.

"ఒరేయ్ లోవరాజూ. ఈ గుర్తేంటి?"

పాకలో సాంబ్రాణి పొగ తప్ప ఏదీ కదల్లేదు. ఇంటి బట్టకి గుర్తుండదని అక్కడ పసిపిల్లకి కూడా తెలుసు. గుర్తున్న చొక్కా అంటే పరాయివాడి చొక్కా. ప్రమాణం రోజున, పెట్టె మీద చెయ్యి పెట్టి, పరాయి చొక్కా!

"నా సొంత చొక్కానే తాతా," అన్నాడు లోవరాజు.

"మరి గుర్తు ఎగిరొచ్చి పడిందా?"

చొక్కా విప్పి చూసుకున్నాడు. చూడగానే వాడికి తెలిసిపోయింది. గుండుసున్నా చివర సూది ఎత్తేటప్పుడు సోమాలు చిన్న తోక వదులుతుంది. అది దాని చేతిరాత. దానర్థమేమిటో కూడా వాడికి తెలుసు. దొంగకి తేలు కుట్టినట్టయింది, అరవలేడు, ఊరుకోలేడు. సోమాలు వైపు తిరిగాడు.

సోమాలు నా వైపే చూస్తూ, నాకూ వాడికీ తప్ప ఎవరికీ వినపడకుండా అంది. "పెట్టే, ఆ మనిషికి సెప్పు. ఒక్క మాటే కదా. మొయ్యలేడా?"

ఆహా! నా జన్మ తరించింది. రెండు నెలలు నా కడుపులో రాజేసుకున్నది ఈ ఒక్క మాట కోసమే. ఇక వాడు నోరు తెరుస్తాడని నాకు తెలుసు. "మా ఆడదే పెట్టింది" అంటాడు. శ్రావణంలో అదే మాట అబద్ధంగా అన్నాడు, ఇవాళ నిజంగానే అనొచ్చు. అనరా, అను, అంటే నీ బండారం అంతా అది ఇక్కడే విప్పుతుంది, నాలుక మీద సిద్ధంగా పెట్టుకుంది, అనుకుంటూ నేను నిప్పులు కణకణలాడించాను.

లోవరాజు నోరు తెరిచాడు.

"పరాయిదే తాతా. తప్పైపోయింది," అన్నాడు. అని తల వంచాడు.

నేను నమ్మలేదు. మీరైతే నమ్ముతారా? ఆ తల వంచడం నేను ఇంతకుముందు చూశాను, బొగ్గుల సంచి కింద.

పాకంతా గుప్పుమంది. "ఛీ" అన్నారెవరో. "అప్పయ్యమ్మ అల్లుడు, ఇదేం పోయేకాలం" అన్నారు ఇంకెవరో. పేరయ్య తాత వంగి నా పిడి పట్టుకున్నాడు, వరసలోంచి తీసేయడానికి. లోవరాజు సోమాలు వైపు చూడనైనా లేదు. చూస్తే ఆమెని బతిమాలినట్టు అవుతుందని కాబోలు.

నేను గాలిలోకి లేచాను. అప్పుడు సోమాలు ముఖం చూశాను. పగ తీరిన ముఖం ఎలా ఉంటుందో చూద్దామని రెండు నెలల్నించి కాచుకు కూర్చున్నదాన్ని కదా! ఆ ముఖం అలా లేదు. నిజం తెలిసి, నోరు మూసుకుని, బొగ్గుల మీద ఊదుతూ నిలబడ్డవాడి ముఖంలా ఉంది.

"దింపు తాతా," అంది సోమాలు.

"నువ్వుండమ్మా."

"దింపమన్నానా! అది నా మొగుడి చొక్కా. గుర్తు నేనే పెట్టాను. కావాలనే పెట్టాను." లోవరాజు వైపు తిరిగి, రెండు నెలల తర్వాత మొదటిసారి వాడితోనే మాట్లాడింది. "ఆ రోజు నువ్వు నిలబడ్డ సోట నేను నిలబడలేను. ఎలా నిలబడ్డావయ్యా అక్కడ? ఎలా నిలబడ్డావు?"

లోవరాజుకి అప్పుడు ఏడుపొచ్చింది. బనీను మీద, అందరి ముందు, ముక్కు చీదుకుంటూ మొత్తం చెప్పాడు. పట్టుచీర, సింహాచలం, సినిమా హాలు, చూపు ఆనట్లేదన్న మాట, అరుగు మీద నవ్విన నవ్వు, ఏదీ దాచలేదు. "ఒక్క మాటే కదా అనుకున్నాను తాతా. ఇప్పుడు నామీద పడితే తెలిసింది దాని బరువు. నన్ను దిక్కు లేని బట్టల్లో ఏసేసింది. ఏసెయ్యాల్సిందే."

పేరయ్య తాత నన్ను వరసలో మళ్ళీ పెట్టాడు. "సరే, ఇక్కడితో అయిపోయింది, ఇంటికెళ్ళండి," అన్నాడు. పెద్దమనుషులకి ఏదైనా తొందరగా అయిపోవాలి.

"ఇక్కడితో ఎలా అయిపోద్ది?" అంది సోమాలు. "నింద ఇక్కడ పడలేదు. ఆ మెట్ల దగ్గర పడింది. అక్కడే తియ్యాలి."

మర్నాడు పొద్దున్న, పాలవాడు వచ్చే వేళకి, లోవరాజు నన్ను మోసుకుంటూ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరికి వచ్చాడు. బండి దగ్గర దించలేదు. చేత్తో పట్టుకునే నిలబడ్డాడు, సాక్షి కోసం. ప్రభావతి గారిని కిందకి పిలిచాడు. వంటావిడ, సింహాచలం, లెక్కల మేస్టారు వాళ్ళంతట వాళ్ళే పోగయ్యారు.

"అమ్మా, శ్రావణంలో మీ చీర కాల్చింది నేనండి. మా ఆడది కాదండి. దాని సూపుకేం లోటు లేదండి. నేను అబద్ధమాడానండి."

ప్రభావతి గారు ఒక క్షణం ఆలోచించింది. "ఏ చీర? ఓ, అదా! కాలిన ముక్క తీయించేసి దాంతో మా మనవరాలికి పరికిణీ కుట్టించాను కదయ్యా. నేను ఆ సంగతే మర్చిపోయాను. పోనీలే, ఎవరైతే ఏమిటి?"

ఎవరైతే ఏమిటట! మనుషుల సంగతి నాకు ఇందుకే అంతుబట్టదు. గుచ్చిన వాళ్ళకి సూది ఏదో కూడా గుర్తుండదు.

"మీరు మర్చిపోయారమ్మా. నేను మర్చిపోలేదు," అంది సోమాలు. మర్యాదగానే అంది. అని, కొంగు ముడిలోంచి సన్న సూది ఒకటి, తెల్లదారం పోగు ఒకటి తీసి, అందరి ముందూ ఒక్క పోటుకి ఎక్కించి, మళ్ళీ దారం లాగేసి, రెండూ లెక్కల మేస్టారి చేతిలో పెట్టింది. "వేళ్ళు ఎన్నో లెక్కెట్టించారు కదండి మేస్టారూ. ఇప్పుడిది మీరు ఎక్కించండి." మేస్టారు కళ్ళజోడు సర్దుకుని మూడుసార్లు తప్పాడు. ఆ రోజు నా మంట ఎంత సాఫీగా మండిందో చెప్పలేను.

అక్కడితో అన్నీ సర్దుకున్నాయనుకుంటున్నారేమో. సర్దుకోలేదు. ఒక్క పూటలో చల్లారడానికి ఆమె ఏమైనా కరెంటు పెట్టె అనుకున్నారా? ఆ రాత్రి నుంచీ అన్నం వేళకి పిలవడం మాత్రం నా మీదుగా కాకుండా నేరుగా పిలిచేది. అంతే. గంజి చీరలు ఇంకో నెలన్నర గుంజకే కట్టింది. లోవరాజు దానికి నవ్వలేదు. నేను కనిపెట్టాను, వాడు ఆమెని చూడడం నేర్చుకుంటున్నాడు. పొద్దున్నే నిండా బొగ్గులు పోసినప్పుడు నేను మహా బరువు. ఆ వేళ సోమాలు కుడి భుజం పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఎన్నేళ్ళ నుంచి అలా చేస్తోందో నాకు తెలుసు, పక్కనే ఉన్నవాడికి అప్పుడు తెలిసింది. ఆ మొదటి గంట నన్ను వాడే పట్టేవాడు. పట్టు వస్తే ఆగి, తడిగుడ్డ మీద పెట్టి, చప్పుడు సన్నబడిందా అని ఆమెని అడిగేవాడు.

కార్తీకంలో ఒకనాడు గంజి చీర తీసి సోమాలు గుంజ దగ్గరికి వెళ్ళలేదు. కొస గాలిలోకి విసిరింది. లోవరాజు పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఒక్క గుంజు గుంజింది చూడండి, మనిషి బండి మీద బోర్లా పడ్డాడు.

"సీర పట్టుకోవడం కూడా మర్చిపోయావా, మావా?" అంది.

నా మూత దానంతట అదే లేచింది సంతోషంతో. గాలికి లేచిందని సింహాచలం అన్నాడు, వాడికేం తెలుసు.

గుండుసున్నా మాత్రం పోలేదు. నల్లజీడి కదా, పోదు. ఆ చొక్కాలు మార్చుకోమని ఎవరైనా అంటే లోవరాజు మార్చలేదు. దురద పుడితే మెడకి కొబ్బరినూనె రాసుకుని మరీ వేసుకునేవాడు. ఒకసారి మాత్రం అడిగాడు. "ఏమేవ్, ఆ సున్నాలో ఒక సుక్క పెట్టవే. లోపల ఒకడున్నాడని తెలుత్తాది."

"సూత్తాను," అంది సోమాలు. ఏడాది చూసింది.

ఇప్పుడు నాకు పని లేదు. బండి మీదకి గ్యాసుతో నడిచే పెట్టె వచ్చింది. సన్నది, సుకుమారం, దాని కడుపులో ఏమీ దాగదు. అజ్జరం ఇత్తడి ధర కట్టి అమ్మేద్దామని లోవరాజు అంటే సోమాలు ఒప్పుకోలేదు. మడత పెట్టిన బట్టలు గాలికి ఎగరకుండా నన్ను వాటి మీద బరువుగా పెడుతోంది. ఖాళీ కడుపుతో, చల్లగా, నలుగురి చొక్కాల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటాను. లోవరాజు బొటనవేలి మీద నా మచ్చ కనపడినప్పుడల్లా తృప్తిగా ఉంటుంది. ఆమె క్షమించిందేమో, నేనింకా క్షమించలేదు.

నిన్న నా కింద పెట్టిన మూటలో వాడి తెల్లచొక్కా ఉంది. కాలరు కాస్త తిరగబడింది. గుండుసున్నా, దానికి చిన్న తోక, లోపల ఒక చుక్క. కొత్తది, సున్నం ఇంకా ఆరలేదు. కానీ చుక్క సరిగ్గా మధ్యలో లేదు, కొంచెం పక్కకి ఉంది. సోమాలు చెయ్యి తప్పదు, ఇన్నేళ్ళలో ఒక్క గుర్తు పక్కకి పోలేదు. పక్కన ఇంకో చుక్కకి చోటు వదిలి, కావాలనే అలా పెట్టింది.